పక్కకి పోయిన బలం

మా నాన్నని యార్డులో అందరూ 'కొలత' అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఏ వస్తువునైనా ముందు జానతో కొలిచి, ఆ తర్వాతే ముట్టుకునే మనిషి ఆయన. గుమ్మం దాటితే అడుగులు లెక్కపెట్టేవాడు. మా ఇంటి నుంచి యార్డు గేటు దాకా వెయ్యిన్నూట నలభై. వాన పడ్డ రోజు బురద తప్పించుకుంటూ పోతే ఇంకో అరవై.

"మా బావ పెళ్లిచూపులకి కూడా టేపు జేబులో పెట్టుకునే వచ్చాడు" అని మా ఇంటికి ఎవరొచ్చినా మావయ్య చెప్పేవాడు. నాన్న కాదనేవాడు కాదు. "మీ గుమ్మం ఎత్తు తక్కువగా కనిపించింది. తల తగిలితే శకునం బాగోదని" అనేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వేది.

మావయ్య అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆయనా నాన్నా పదకొండేళ్లు ఒకే చోట పనిచేశారు. అది సరుకు వ్యాగన్లు బాగుచేసే యార్డు. రిపేరు షెడ్డు లైన్లలోకి ఇంజను రాదు. అక్కడ వ్యాగన్‌ని ట్రాక్టర్‌తో లాగుతారు. పట్టాల మీద ట్రాక్టర్ నడవలేదు కాబట్టి పక్కనున్న మట్టిదారి మీద నడుస్తూ, ఇనప తాడుతో వ్యాగన్‌ని ముందుకి లాక్కుపోతుంది. ట్రాక్టర్ మావయ్యది. తాడుకి కొక్కెం తగిలించడం, అంతా సరిగ్గా ఉందనుకుంటే పచ్చజెండా ఊపడం నాన్న పని. జెండా ఊగితే మావయ్య లాగుతాడు. ఊగకపోతే పైనుంచి దేవుడు దిగొచ్చి చెప్పినా లాగడు.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా ఆ మట్టిదారి మీద కంకర కుప్పలు పోశారు. కొత్త షెడ్డు కడుతున్నారు. ట్రాక్టర్ కుప్పల అవతలి నుంచి నడవాల్సి వచ్చింది. తాడు ఎప్పటిలా పట్టాల వెంట కాకుండా బాగా ఏటవాలుగా సాగింది. నాన్న కొక్కెం తగిలించి, కంకర తీయించాక లాగుదామని సూపర్‌వైజర్‌కి చెప్పాడు. ఆయన గది పట్టాలకి ఓ పక్కగా, దూరంగా ఉన్న మేడ మీద. కిటికీలోంచి తొంగి చూసి, "ఇక్కణ్ణుంచి బాగానే ఉందయ్యా. మధ్యాహ్నంలోపు ఆ వ్యాగన్ లోపల ఉండాలి. కానివ్వండి" అన్నాడు.

నాన్న జెండా ఊపాడు. వ్యాగన్ కదల్లేదు. మళ్లీ ఊపాడు. చక్రాలు పట్టాని ఒరుసుకున్న చప్పుడు వచ్చిందే తప్ప కదల్లేదు. మూడోసారి మావయ్య ట్రాక్టర్‌కి ఉన్న బలమంతా పెట్టాడు. తాడు తెగింది. తెగిన తాడు కొరడాలా వెనక్కి కొట్టింది. మావయ్య సీటు మీదే పోయాడు. అప్పటికి ఆయన కూతురికి ఏడేళ్లు.

పది రోజుల్లో విచారణ ముగించారు. గదిలో నలుగురు కూర్చుని నాన్నని అడిగారట.

"తాడు ఏటవాలుగా ఉందంటున్నావు. ఎంత?"

"చాలా ఉందండి."

"చాలా అంటే ఎన్ని డిగ్రీలు? సూపర్‌వైజర్ గారు తిన్నగా కనిపించిందంటున్నారు."

లోకాన్నంతా కొలిచిన మనిషి ఆ ఒక్కచోట తడబడ్డాడు. 'డ్రైవర్ కుదుపుతో లాగడం వల్ల తాడు తెగినది' అని రాసి, ఫైలు కట్టేసి చేతులు దులుపుకున్నారు. పోయినవాడు వచ్చి కాదంటాడా.

ఆ తర్వాత నాన్న జెండా పట్టలేదు. స్టోరులో బోల్టులు లెక్కపెట్టే పని అడిగి తీసుకున్నాడు. ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అమ్మ నాన్నతో మాట్లాడటం మానలేదు, పక్కన కూర్చోవడం మానేసింది. అన్నం వడ్డించేది, అడిగినదానికి జవాబు చెప్పేది, నిలబడే ఉండేది. మా బల్లకి నాలుగు కుర్చీలు. ఆరు నెలల పాటు అందులో రెండే నిండేవి.

నాన్న ఒక్కోసారి గోడతో చెప్పినట్టు నాతో అనేవాడు. "ఆ ట్రాక్టర్ బలం నాకు తెలుసు తల్లీ. రెండు వ్యాగన్లని కలిపి లాగిన బండి అది. ఆ రోజు ఒక్కదాన్ని కదపలేదు. అంత బలం ఎటు పోయింది?"



కాలేజీలో ఆ ఆరో నెలలో సదిశలు మొదలయ్యాయి. ఎంత, ఎటు అని రెండూ చెప్పాల్సినది సదిశ అనీ, ఎంత అని మాత్రమే చెబితే సరిపోయేది అదిశ అనీ మాస్టారు చెప్పారు. సదిశకి బోర్డు మీద బాణం గీశారు. రెండు బాణాలు కూడితే బాణమే వచ్చింది. అక్కడి దాకా నాకు బాగానే ఉంది. డాట్ ప్రాడక్ట్ దగ్గరికి వచ్చేసరికి రెండు బాణాలు గుణించి, జవాబు దగ్గర ఉత్త అంకె రాశారు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, రెండింటికీ దిక్కు ఉంది కదా. జవాబుకి ఎందుకు లేదు? దిక్కులు ఎటు పోయాయి?"

"నిర్వచనమే అంతమ్మా. పరీక్షలో ఎంత అని అడుగుతారు, ఎందుకు అని అడగరు. కూర్చో" అన్నారు. క్లాసు నవ్వింది. నేను కూర్చున్నాను. ఇంటికి వస్తుంటే తోవంతా నాన్న ప్రశ్నా నా ప్రశ్నా ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. రెండూ ఒకటేనని అప్పటికి తోచలేదు.

ఆదివారం పొద్దున బల్ల మీద లెక్కలు చేసుకుంటున్నాను. నాన్న బూట్లు తుడుచుకుంటూ నా నోట్సులోకి చూశాడు. ఒకే చుక్క నుంచి రెండు బాణాలు, మధ్యలో కోణం. గుడ్డ అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఇది మా తాడు" అన్నాడు.

"ఏది నాన్నా?"

"ఈ కింది గీత పట్టా. ఈ పైది తాడు. దీన్నెందుకు గీశావు?"

నేను క్లాసులో జరిగింది చెప్పాను. కోణం పెరిగే కొద్దీ జవాబు తగ్గుతుందనీ, నిటారుగా తొంభైకి వస్తే సున్నా అవుతుందనీ చెప్పాను. ఆయన చాలాసేపు ఆ బొమ్మని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి వెళ్లాడు.

పెరట్లో ఆయన పనిముట్ల పెట్టె ఉండేది, కింద నాలుగు చిన్న ఇనప చక్రాలతో. రెండు ఇనప కమ్ముల్ని నేల మీద పట్టాల్లా పరిచి, పెట్టె చక్రాలు వాటి మధ్య ఇరికేలా పెట్టాడు. పాత కాగితాలు కొనే అతని దగ్గర కొక్కెం కాటా అడిగి తెచ్చాడు. లాగితే ముల్లు కిందికి దిగి ఎన్ని కిలోలో చూపిస్తుంది. పెట్టెలో ఇటుకలు నింపి, తాడు కట్టి, కాటాతో తిన్నగా లాగమన్నాడు. ముల్లు ఆరు దగ్గరికి రాగానే పెట్టె కదిలింది.

"ఇప్పుడు పక్కకి రా. తాడు అయిదు జానలు. నువ్వు పట్టాకి నాలుగు జానలు ఎడంగా నిలబడు."

అలా నిలబడితే నేను పెట్టె కన్నా ముందుకి ఉన్నది మూడు జానలే. లాగాను. ముల్లు ఆరు దాటింది, ఎనిమిది దాటింది. పెట్టె మొరాయించింది. చక్రం కమ్మిని ఒరుసుకుంది. ఆ చప్పుడుకి నాన్న మొహం ఒక్క క్షణం పక్కకి తిప్పుకున్నాడు. పది దాటాక పెట్టె కదిలింది.

"చివరగా సరిగ్గా పక్క నుంచి లాగు."

కాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. ముల్లు కాటా అడుక్కి పోయింది. పెట్టె అంగుళం కదల్లేదు.

"బలం లేక కాదు. నీ అరచేయి చూడు" అన్నాడు నాన్న. తాడు అచ్చు ఎర్రగా పడి ఉంది. "బలమంతా ఉంది. ముందుకి మాత్రం సున్నా."

అప్పుడు వెలిగింది నాకు. "నాన్నా, పట్టా ఉన్నాక 'ఎటు' అన్న ప్రశ్నే లేదు. ఎటు పోవాలో పట్టా ముందే చెప్పేసింది. ఇక మిగిలిన ప్రశ్న, నేను లాగినదాంట్లో ఆ దారికి ఎంత పనికొచ్చింది, ఎంత దూరం అని. దానికి జవాబు 'ఎంత' అనే వస్తుంది. 'తూర్పుకి' అని ఎవరూ చెప్పరు."

ఆయన తలూపాడు గానీ మొహం తేలికపడలేదు. "సరే. కానీ ఎవరు కొలిస్తే వాళ్లకో 'ఎంత' వస్తే? ఆయన కిటికీలోంచి చూస్తే తిన్నగా ఉంది. నాకు వాలుగా ఉంది. ఎవరి మాట నిలుస్తుంది?"

ఇది మాస్టారు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు. లోపలికి వచ్చి గళ్ల కాగితం బల్ల మధ్యలో పెట్టాను. రెండు బాణాలు గీశాను. ఒకటి లాగుడు, ఒకటి దారి. నేను కూర్చున్న చోటి నుంచి లాగుడు కుడికి రెండు గళ్లు, ముందుకి అయిదు. దారి కుడికి నాలుగు, ముందుకి ఒకటి. కుడిని కుడితో గుణిస్తే ఎనిమిది, ముందుని ముందుతో గుణిస్తే అయిదు. కలిపితే పదమూడు.

"నాన్నా, నువ్వు కాగితం తిప్పకుండా నా కుడి పక్క కుర్చీలో కూర్చో. నీ కుడేదో, నీ ముందేదో చూసుకుని లెక్కపెట్టు."

ఆయనకి అన్నీ మారిపోయాయి. నా ముందు ఆయనకి కుడి. నా కుడి ఆయనకి వెనక. లాగుడు కుడికి అయిదు, వెనక్కి రెండు అని రాసుకున్నాడు. దారి కుడికి ఒకటి, వెనక్కి నాలుగు. ఒక్క అంకె కూడా నాదాంతో కలవలేదు. వేలు పెట్టి గుణించాడు. అయిదొకట్ల అయిదు. రెండూ వెనక్కే పోతున్నాయి, అంటే ఒకదానికొకటి తోడే, రెండు నాలుగుల ఎనిమిది. పదమూడు.

ఆయన మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. మళ్లీ పదమూడే.

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఎంతసేపట్నుంచి చూస్తోందో మేం గమనించలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నాకెదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకున్న చప్పుడు ఆరు నెలల తర్వాత విన్నాను.

"నాకూ చెప్పు ఎలా లెక్కపెట్టాలో" అంది.

చెప్పాను. అమ్మ చదివింది అయిదో తరగతి. గళ్ల మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. "ఈ లాగుడు నాకు ఎడమకి రెండు, నా ఒళ్లోకి అయిదు. ఆ దారి ఎడమకి నాలుగు, నా ఒళ్లోకి ఒకటి. రెండూ ఒకే వైపు వస్తున్నాయిగా. ఎనిమిదీ, అయిదూ." ఆగింది. "పదమూడు."

బాణాల గురించి అడిగితే ముగ్గురం మూడు మాటలు చెబుతాం, ఎవరి కుడి వాళ్లది. ఆ రెండు బాణాలూ ఎంత కలిసి నడిచాయని అడిగితే మాత్రం ఏ కుర్చీలో కూర్చున్నా ఒకటే జవాబు. ఎవరి కుడి ఎడమలతోనూ పనిలేని అంకె అది. అందుకే దానికి దిక్కు లేదు.

"మరి మా వాడు లాగింది?" అంది అమ్మ, కాగితం మీద నుంచి చూపు ఎత్తకుండా.

నాన్న పెన్సిల్ అందుకున్నాడు. "తాడు ఇరవై గజాలు. కొక్కెం తగిలించి ట్రాక్టర్ దాకా వెళ్లినప్పుడు పట్టా నుంచి ఎంత ఎడంగా ఉందో అడుగులేశాను. అలవాటు కదా. పదహారు గజాలు. మామూలు రోజుల్లో నాలుగుకి మించదు. పదహారు పక్కకి పోతే, ఇరవై గజాల తాడుకి ముందుకి మిగిలేది పన్నెండు, పెట్టె దగ్గర అయిదు, నాలుగు, మూడు వచ్చినట్టే. అంటే వాడు పది పాళ్లు లాగితే ముందుకి ఆరే. మిగతాదంతా చక్రాన్ని పట్టాకేసి నొక్కింది. కదలాలంటే దాదాపు రెండింతలు లాగాలి. వాడు కుదుపుతో లాగలేదు. లాగక తప్పలేదు."

"ఆ అడుగుల సంగతి అప్పుడెందుకు చెప్పలేదు మీరు?"

"వాళ్లు కోణం అడిగారు. దానికీ అడుగులకీ పొత్తు ఉందని తెలీలేదు." నాన్న పెన్సిల్ కింద పెట్టాడు. "మూడుసార్లు జెండా ఊపింది నేనే."

"తెలుసు" అంది అమ్మ. అని, లేవకుండా అక్కడే కూర్చుంది. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వచ్చింది. నేనే వెళ్లి దించాను.

ఆ వారమే నాన్న అర్జీ రాశాడు. బొమ్మ నేను గీశాను, మాట ఆయనది. నాలుగు వాక్యాలే. యార్డు గుమస్తా చదివి, "ఎందుకు పెద్దాయనా తవ్వుకోవడం? తిలా పాపం తలా పిడికెడు అని పంచితే నీ వాటా నీకూ వస్తుంది" అన్నాడట. "నా పిడికెడు నాకు కావాలి. అంతా వాడి నెత్తిన ఉంది ఇప్పుడు" అన్నాడట నాన్న.

రెండు నెలలకి పెద్దాఫీసు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చారు. బొమ్మ గీసింది నేను కాబట్టి నన్నూ రమ్మన్నారు. సూపర్‌వైజర్ మునుపటి మాటే చెప్పాడు, కిటికీలోంచి తాడు తిన్నగా కనిపించిందని. ఆవిడ కింద తాడు పరిపించారు. వ్యాగన్ ఉన్న చోట ఒకర్ని, ట్రాక్టర్ ఉన్న చోట నాన్నని నిలబెట్టి మేడ ఎక్కారు. నేనూ వెనక వెళ్లాను. కిటికీలోంచి చూస్తే నిజంగానే తాడు పట్టాల వెంట పరిచినట్టే ఉంది. అంత దూరం నుంచి, పక్క వైపు నుంచి చూస్తే ఆ పదహారు గజాలూ చాప చుట్టినట్టు ముడుచుకుపోయాయి. సూపర్‌వైజర్ అబద్ధం ఆడలేదు. ఆయన కుర్చీలోంచి కనిపించింది ఆయన చెప్పాడు. కిందికి దిగి చూడలేదు, అంతే.

ఆవిడ కిందికి వచ్చి టేపుతో కొలిపించారు. పదహారు గజాలకి జానెడు తక్కువ.

"కనిపించేది ఎక్కణ్ణుంచి చూస్తే అక్కణ్ణుంచి మారుతుందండీ. ముందుకి పోయిన లెక్క మారదు" అన్నారు సూపర్‌వైజర్‌తో. ఆయన తల వంచుకున్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, "కంకర తీయించమని మీరు ముందే చెప్పారు కదా. మీ తప్పేం రాయక్కర్లేదు" అన్నారు.

"చెప్పానండి. చెప్పి కూడా జెండా ఊపాను. నేను ఊపకపోతే వాడు లాగేవాడు కాదు. అది కూడా రాయండి."

ఆవిడ అదీ రాశారు.

ఉత్తర్వు వచ్చింది. డ్రైవర్ తప్పిదం అన్న మాట కొట్టేశారు. పట్టా నుంచి అయిదు గజాలు దాటి నిలబడి ఎవరూ లాగకూడదన్నారు. సూపర్‌వైజర్‌కి శిక్ష, నాన్నకి రాతపూర్వకంగా మందలింపు. నాన్న ఆ మందలింపు కాగితాన్ని దాచుకున్నాడు. మర్నాడు స్టోరు పని వద్దని చెప్పి, మళ్లీ జెండా అడిగాడు. రిటైరయ్యే దాకా తొమ్మిదేళ్లు పట్టుకున్నాడు. ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన అధికారి చెప్పినా వినకుండా జెండా చుట్టి చంకలో పెట్టుకుని, తాడు సరిచేసే దాకా కదలలేదట.

నాకు డాట్ ప్రాడక్ట్ ఇంకెప్పుడూ తప్పు పోలేదు. అది గర్వంగా చెప్పుకునే సంగతి కాదు. దాన్ని అలా నేర్చుకోవాల్సి రాకపోతే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉత్తర్వు నకలు అందిన వారానికి అత్తయ్య మా ఇంటికి వచ్చింది. మావయ్య పోయాక మా గుమ్మం తొక్కడం అదే మొదలు. కూతుర్ని కూడా తీసుకొచ్చింది. నాన్న లేచి నిలబడ్డాడు, ఏం చేయాలో తెలియక చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అత్తయ్య కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆయన తప్పు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు అన్నయ్యా. నాకైతే ఈ కాగితం అక్కర్లేదు. ఈ పిల్లకే కావాలి. బళ్లో పిల్లలు మీ నాన్నే తాడు తెంపాడట అంటుంటే, ఏడుస్తూ వచ్చేది. చూపించడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది."

"నా మీద కోపం లేదా అమ్మా?" అన్నాడు నాన్న.

"ఉంది. కొంత ఉంది" అంది అత్తయ్య. "ఉన్నా వచ్చాను."

నాన్న తలూపాడు. ఆ పిల్ల కాగితంలోని అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద మాటల దగ్గర ఆగినప్పుడల్లా నాన్న వంగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.